బయోటెక్‌ స్కిన్‌కేర్‌ పదార్థాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సీరమ్‌ సీసా మీద "బయోటెక్‌", "ఫెర్మెంటెడ్‌", "రీకాంబినెంట్‌" (జన్యువు చేర్చి మరో జీవి చేత తయారు చేయించినది) లాంటి మాటలు కనిపించగానే వచ్చే సందేహాలు దాదాపు అందరివీ ఒకటే. వాటిని తయారీ, కొనుగోలు, వాడకం, తేడా చేసినప్పుడు అనే వరసలో ఇక్కడ పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. మా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాం: పదార్థం ట్యాంకులో పుట్టిందా, మొక్కలో పుట్టిందా అన్నదాన్ని బట్టి చర్మానికి మేలు జరగదు. ఆ అణువు ఏది, ఎంత ఉంది, చెడిపోకుండా మీదాకా వచ్చిందా అన్నవే లెక్కలోకి వస్తాయి.

## తయారీ గురించి

బయోటెక్‌ పదార్థం అంటే ఏంటి? నేచురలా, కెమికలా?

బాక్టీరియా, ఈస్ట్‌, నాచు, మొక్కల కణాలు, లేదా వాటి ఎంజైముల చేత తయారు చేయించిన పదార్థం. స్టీలు ట్యాంకులో చక్కెర, నత్రజని, లవణాలు పెట్టి, ఉష్ణోగ్రత, పీహెచ్‌, ఆక్సిజన్‌ అదుపులో ఉంచి సూక్ష్మజీవిని పెంచుతారు. అది తయారు చేసినదాన్ని వడకట్టి, శుద్ధి చేసి, చాలా సందర్భాల్లో ఆరబెట్టి పొడిగా అమ్ముతారు. చివరికి చేతికొచ్చేది రసాయన పదార్థమే, నీళ్ళు కూడా రసాయన పదార్థమే కదా. పైగా ఇదేమీ నిన్న మొన్నటి సంగతి కాదు. లాక్టిక్‌ యాసిడ్‌, సిట్రిక్‌ యాసిడ్‌, క్రీములను చిక్కగా ఉంచే జాంథన్‌ గమ్‌ ఎన్నో ఏళ్ళుగా పులియబెట్టే పద్ధతిలోనే తయారవుతున్నాయి. జాంథన్‌ గమ్‌ను ఇచ్చేది జాంథోమోనస్‌ క్యాంపెస్ట్రిస్‌ అనే బాక్టీరియా.

హైలురానిక్‌ యాసిడ్‌ను కోడిపుంజు జుట్టు నుంచి తీస్తారట కదా?

ఒకప్పుడు తీసేవారు. 1934లో కార్ల్‌ మేయర్‌, జాన్‌ పామర్‌ దీన్ని మొదట ఆవు కంటిలోని జెల్లీ లాంటి భాగం నుంచి వేరుచేశారు. తర్వాత చాలాకాలం పుంజుల తలమీది ఎర్రటి జుట్టే ముడిసరుకు. ఇప్పుడు స్కిన్‌కేర్‌లోకి వచ్చేది దాదాపుగా బాక్టీరియాతో చేసినదే. ఎక్కువగా వాడేది స్ట్రెప్టోకాకస్‌ జూఎపిడెమికస్‌. ఇది తన చుట్టూ పొరగా హైలురానిక్‌ యాసిడ్‌ను సహజంగానే తయారు చేసుకుంటుంది. ఈ తయారీలో ఒక చిక్కుంది. పదార్థం పెరిగేకొద్దీ ట్యాంకులోని ద్రవం జిగురులా చిక్కబడి ఆక్సిజన్‌ సరిగా అందదు, అందుకే లీటరుకు కొన్ని గ్రాములకు మించి రాబట్టడం కష్టం. తర్వాత కణాలను వడకట్టి తీసేసి, ఆల్కహాల్‌ కలిపి పదార్థాన్ని విడదీసి, ఆరబెడతారు. చిన్న అణువులు కావాలంటే యాసిడ్‌తోనో ఎంజైమ్‌తోనో పొడవాటి గొలుసును తెగ్గొడతారు.

స్క్వాలేన్‌ సొరచేపలదా, చెరకుదా?

చర్మాన్ని మృదువుగా ఉంచే ఈ నూనెలో రెండు రకాలూ ఉన్నాయి, ఆలివ్‌ నూనె నుంచి వచ్చేదీ ఉంది. చెరకు రకంలో, జన్యువులు మార్చిన ఈస్ట్‌ చక్కెరను తిని ఫార్నెసీన్‌ అనే 15 కార్బన్ల అణువును తయారు చేస్తుంది. రెండు ఫార్నెసీన్లను కలిపి 30 కార్బన్లు చేసి, హైడ్రోజన్‌ ఎక్కిస్తే స్క్వాలేన్‌. అంటే చెరకులో స్క్వాలేన్‌ లేదు, చెరకు ఈస్ట్‌కు మేత మాత్రమే. లేబుల్‌ మీద మూడింటికీ ఒకే పేరు ఉంటుంది కాబట్టి మూలం తెలియాలంటే కంపెనీని అడగాల్సిందే. లోతైన సముద్రంలో ఉండే సొరచేపలు నెమ్మదిగా ఎదుగుతాయి, తక్కువ పిల్లల్ని పెడతాయి. వాటి కాలేయం కోసం వేటాడే అవసరాన్ని ఈస్ట్‌ తప్పించడం మామూలు మేలు కాదు. స్క్వాలీన్‌ వేరు, స్క్వాలేన్‌ వేరు అన్నదీ గుర్తుంచుకోండి. స్క్వాలీన్‌లో ఆరు జంట బంధాలు ఉండటంతో గాలి తగిలితే కంపు పడుతుంది. హైడ్రోజన్‌ ఎక్కించిన స్క్వాలేన్‌ నిలకడగా ఉంటుంది.

జన్యుమార్పిడి చేసిన బాక్టీరియా క్రీములో ఉంటుందా?

శుద్ధి చేసిన పదార్థాల్లో జీవి ఉండదు. స్క్వాలేన్‌ లాంటి నూనెలను స్వేదనం చేస్తారు. ప్రొటీన్లను కణాల నుంచి వేరుచేసి, వడపోతల గుండా పంపి శుద్ధి చేస్తారు. ఈ-కొలై బాక్టీరియాతో ప్రొటీన్‌ చేస్తే దాని కణగోడ నుంచి వచ్చే ఎండోటాక్సిన్‌ను తొలగించడం మాత్రం తప్పనిసరి, అది మిగిలితే చర్మాన్ని రెచ్చగొట్టగలదు. ఐస్‌లాండ్‌లో ఒక సంస్థ గ్రోత్‌ ఫ్యాక్టర్లను (కణాలను పెరగమని చెప్పే ప్రొటీన్లను) బాక్టీరియాలో కాకుండా బార్లీ గింజల్లో తయారు చేస్తుంది. బార్లీలో ఎండోటాక్సిన్‌ బెడద లేకపోవడం దానికి కలిసొచ్చే విషయం.

నా సీరమ్‌లో ప్రొబయోటిక్స్‌ బతికే ఉంటాయా?

దాదాపుగా ఉండవు. నీళ్ళున్న ఏ సీరమ్‌లోనైనా సూక్ష్మజీవులు పెరగకుండా ప్రిజర్వేటివ్‌ వేస్తారు. అది మంచి బాక్టీరియాను వదిలిపెట్టి చెడ్డదాన్నే చంపదు. "లైసేట్‌" అంటే పగలగొట్టిన కణాల సారం. "ఫెర్మెంట్‌ ఫిల్ట్రేట్‌" అంటే పులియబెట్టాక కణాలను వడకట్టి తీసేయగా మిగిలిన ద్రవం. ఆ ద్రవంలో అమైనో ఆమ్లాలు, సేంద్రియ ఆమ్లాలు, చక్కెరలు, ఖనిజాలు కొద్దికొద్దిగా ఉంటాయి, మిగతాదంతా నీరే. అందుకే "90% గలాక్టోమైసెస్‌ (ఈస్ట్‌ లాంటి ఒక సూక్ష్మజీవి) ఫిల్ట్రేట్‌" అని రాసి ఉంటే 90 శాతం క్రియాశీల పదార్థం అనుకోవద్దు. తేమకూ మృదుత్వానికీ ఇవి బాగుంటాయి. అంతకుమించి పెద్ద ఆశలు పెట్టుకుని కొనవద్దనే మేం చెబుతాం.

మొక్కల స్టెమ్‌ సెల్స్‌ రాస్తే నా చర్మంలో కొత్త కణాలు పుడతాయా?

పుట్టవు. మొక్క గాయం దగ్గర ఏర్పడే కణాల ముద్దను ట్యాంకులో పెంచి, పగలగొట్టి, సారం తీస్తారు. సీసాలో ఉండేది మొక్క సారమే, బతికున్న కణం కాదు. మొక్క కణానికి మనిషి కణాన్ని నడిపించే భాష రాదు. యాంటీఆక్సిడెంట్‌గా ఎంతో కొంత ఉపయోగం ఉంటుంది.

## కొనేముందు

లేబుల్‌లో పదార్థం చివర్న ఉంటే మోసమేనా?

అది ఏ పదార్థమో చూడాలి. 1 శాతం కంటే ఎక్కువ ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాస్తారు. 1 శాతానికి తక్కువ ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాయొచ్చు. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి ఫినాక్సీఇథనాల్‌ పనికొస్తుంది. ఈ ప్రిజర్వేటివ్‌కు యూరప్‌లో గరిష్ఠ పరిమితి 1 శాతం. కాబట్టి దాని తర్వాత వచ్చినవన్నీ 1 శాతమో అంతకన్నా తక్కువో. నియాసినమైడ్‌ (విటమిన్‌ బి3 రూపం) ఆ గీత కిందుంటే అనుమానించండి, దానికి 2 నుంచి 5 శాతం కావాలి. బాక్టీరియా తయారు చేసే, తేమను కాపాడే ఎక్టోయిన్‌ను సాధారణంగా 0.5 నుంచి 2 శాతం మధ్య వాడతారు. పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు), గ్రోత్‌ ఫ్యాక్టర్లు పదిలక్షల వంతుల్లో కొలిచే మోతాదులో వేసేవి, అవి చివర్న ఉండటం సహజం. హైలురానిక్‌ యాసిడ్‌ లవణమైన సోడియం హైలురానేట్‌ కూడా 1 శాతానికి లోపే ఉంటుంది, ఎక్కువేస్తే జిగురైపోతుంది. ఇక "ఎస్‌హెచ్‌-ఆలిగోపెప్టైడ్‌-1" అని కనిపిస్తే అది ఈజీఎఫ్‌ అనే గ్రోత్‌ ఫ్యాక్టర్‌.

పెద్ద అణువులు చర్మంలోకి వెళ్ళవంటారు. మరి రాసి ఏం లాభం?

2000లో బోస్‌, మైనార్డి అనే పరిశోధకులు ఒక సూత్రం చెప్పారు: 500 డాల్టన్ల (అణువుల బరువుకు కొలత) బరువు దాటిన అణువు ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొరను దాటడం కష్టం. నియాసినమైడ్‌ 122, ఎక్టోయిన్‌ 142, విటమిన్‌ సి 176, స్క్వాలేన్‌ 423 డాల్టన్లు. ఈజీఎఫ్‌ దాదాపు 6,000, కొలాజెన్‌ దాదాపు 3 లక్షలు, పొడవాటి హైలురానిక్‌ గొలుసు 10 లక్షలు దాటుతుంది.

అయితే ప్రతిదీ లోపలికి దిగాల్సిన పని లేదు. పెద్ద హైలురానిక్‌ పైన పొరలా పరుచుకుని నీటిని పట్టి ఉంచుతుంది, దాని పని అక్కడే. చర్మంలో సహజంగా ఉండే కొవ్వు రకమైన సెరమైడ్‌ పనిచేయాల్సింది పైపొర కణాల మధ్యనున్న కొవ్వులో. ఆ కొవ్వులో బరువు లెక్కన సగం దాకా సెరమైడ్లే. లోపలున్న బతికిన కణాలతో పని ఉన్న పెద్ద ప్రొటీన్ల విషయంలోనే ఈ పరిమాణం అసలైన అడ్డంకి.

ఈజీఎఫ్‌ సీరమ్‌ అంత ఖరీదు పెట్టి కొనొచ్చా?

స్టాన్లీ కోహెన్‌ కనిపెట్టిన ఈ 53 అమైనో ఆమ్లాల ప్రొటీన్‌కు శాస్త్రంలో గట్టి పేరే ఉంది. ఆయనకూ రీటా లెవి-మోంటాల్చినీకీ గ్రోత్‌ ఫ్యాక్టర్ల మీది కృషికి 1986లో నోబెల్‌ వచ్చింది. గాయాలు మాన్పడంలో దీని పాత్ర నిజం. కానీ గాయంలో పైపొర తెగి ఉంటుంది, మామూలు ముఖం మీద ఉండదు.  సన్‌స్క్రీన్‌, రెటినాయిడ్‌ (విటమిన్‌ ఎ రకం మందు), మంచి మాయిశ్చరైజర్‌ ముందు స్థిరపరచుకుని, ఇంకా డబ్బు మిగిలితే అప్పుడు ఆలోచించండి. చర్మ క్యాన్సర్‌ వచ్చినవాళ్ళు, క్యాన్సర్‌ ముందుదశ మచ్చలున్నవాళ్ళు, సోరియాసిస్‌ ఉన్నవాళ్ళు చర్మవైద్యులను అడగకుండా వాడవద్దు. కణాలు పెరగమని చెప్పే అణువు ఇది.

రీకాంబినెంట్‌ కొలాజెన్‌ రాస్తే ముడతలు పోతాయా?

చర్మంలో కొలాజెన్‌ పెరగదు. సూక్ష్మజీవులతో చేయించే రకాలు చాలావరకు మనిషి కొలాజెన్‌లోని ఒక చిన్న భాగాన్ని మళ్ళీ మళ్ళీ అతికించినవి, అసలు కొలాజెన్‌లోని మూడు పేటల మెలిక చాలావాటిలో ఉండదు. రాసినప్పుడు సన్నటి పొర కట్టి తేమను ఆపుతుంది, దాంతో ఎండిన గీతలు కాసేపు తగ్గినట్టు కనిపిస్తాయి. ముఖం కడిగితే ఆ తేడా పోతుంది.

బయోటెక్‌ అంటే వీగన్‌ అనేనా?

కానక్కర్లేదు. సూక్ష్మజీవికి పెట్టే మేతలో మాంసం నుంచో పాల నుంచో తీసిన పెప్టోన్‌ (ముక్కలు చేసిన ప్రొటీన్‌) ఉండొచ్చు. వీగన్‌ ధ్రువీకరణ విడిగా చూసుకోండి.

ఎక్సోసోమ్‌ సీరమ్‌లు సురక్షితమేనా?

ఎక్సోసోమ్‌లు కణాలు బయటికి వదిలే అతి చిన్న సంచులు. అవి ఏ కణాలవి, సంచిలో ఏముంది, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ ఎంత తేడా అన్న ప్రశ్నలకు సీసా మీద జవాబు దొరకదు. అమెరికా ఎఫ్‌డీఏ 2019లోనే ఎక్సోసోమ్‌ ఉత్పత్తుల గురించి ప్రజలను హెచ్చరించింది. పైన రాసుకోవడం ఒక ఎత్తు. రాసుకోవడానికి తయారైన సీసాను మైక్రోనీడ్లింగ్‌తోనో (సన్నటి సూదులతో చర్మానికి చిన్న రంధ్రాలు చేయడం) ఇంజెక్షన్‌ సూదితోనో లోపలికి పంపడం పూర్తిగా వేరు, అది ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. సౌందర్య ఉత్పత్తులను ఇంజెక్షన్‌కు కావాల్సినంత క్రిమిరహితంగా తయారు చేయరు.

## వాడటం మొదలుపెట్టాక

ఏది ముందు, ఏది తర్వాత?

నీళ్ళలాంటిది ముందు, నూనెలాంటిది చివర. ముఖం కడిగాక ఫెర్మెంట్‌ ఎసెన్స్‌, తర్వాత హైలురానిక్‌ లేదా పెప్టైడ్‌ సీరమ్‌ రెండు మూడు చుక్కలు, ఆపైన సెరమైడ్‌ క్రీము. చర్మం పొడిబారితే రాత్రిపూట రెండు చుక్కల స్క్వాలేన్‌ను అరచేతిలో రుద్ది అద్దుకోండి. పగలు అన్నిటికీ పైన సన్‌స్క్రీన్‌. కొత్తవి రెండు ఒకేసారి మొదలుపెట్టకండి, రెండు వారాల ఎడం ఉంచండి. లేకపోతే దద్దురు వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో చెప్పలేరు.

హైలురానిక్‌ సీరమ్‌ రాసుకుంటే చర్మం ఇంకా బిగుసుకుపోతోంది. ఎందుకు?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. ముందు ఒక అపోహ తీసేయాలి: ఒక గ్రాము హైలురానిక్‌ ఆరు లీటర్ల నీటిని పట్టి ఉంచుతుందన్న ప్రచారాన్ని నమ్మకండి. ఒక గ్రాము పొడవాటి హైలురానిక్‌ను వంద మిల్లీలీటర్ల నీటిలో వేసి చూస్తే చెంచాకు తీగలా సాగే చిక్కటి జెల్‌ అవుతుంది. దాని సత్తా ఆ జిగురులోనే తెలుస్తుంది. అది నీటిని పట్టుకుంటుందే కానీ సృష్టించదు.

ఎండిన ముఖం మీద, ఏసీ గదిలాంటి పొడిగాలిలో రాసి వదిలేస్తే, ఆ జెల్‌లోని నీరు గాలిలోకి పోతుంది. మిగిలిన పొర ఆరుతూ ముడుచుకుంటుంది, మీకు తెలిసే బిగువు అదే. ముఖం కడిగాక తుడవకుండా తడి ఉండగానే రెండు చుక్కలు రాసి, ఒక నిమిషం దాటకముందే క్రీము పెట్టండి. మోతాదు పెంచితే పొర మందమై బిగువు ఎక్కువవుతుంది, తగ్గదు. ఇలా చేసినా మంటగా, ఎర్రగా ఉంటే చిన్నగా తెగ్గొట్టిన రకాలు మీకు పడకపోవచ్చు. లేబుల్‌ మీద "హైడ్రొలైజ్డ్‌" లేనిదానికి మారి చూడండి.

సీరమ్‌ మీద క్రీము రాస్తే ఉండలు ఉండలుగా ఊడి వస్తోంది.

పొరకట్టే పదార్థాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. హైలురానేట్‌, జాంథన్‌ గమ్‌, కార్బోమర్‌, సిలికోన్‌ ఎక్కువున్నవి కలిస్తే ఇలా అవుతుంది. మోతాదు సగం చేయండి, కింది పొర ముట్టుకుంటే అంటనంత ఆరేదాకా ఆగండి, రుద్దకుండా అద్దండి. అయినా ఆగకపోతే ఆ రెండిట్లో ఒకటి మానేయడమే.

పెప్టైడ్‌ సీరమ్‌ను విటమిన్‌ సి, యాసిడ్లతో కలిపి వాడొచ్చా?

కాపర్‌ పెప్టైడ్‌ను, అసలు విటమిన్‌ సి అయిన ఆస్కార్బిక్‌ యాసిడ్‌ను ఒకే పూట వాడకండి. రాగి విటమిన్‌ సి ఆక్సీకరణను వేగవంతం చేస్తుంది. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి పెట్టుకుంటే సరి. గ్రోత్‌ ఫ్యాక్టర్‌ ప్రొటీన్లను గ్లైకాలిక్‌ యాసిడ్‌ మీద వెంటనే రాస్తే ఆ ఆమ్లత్వానికి కొన్నిటి ఆకారం చెడొచ్చు, వాటినీ విడదీయండి. నియాసినమైడ్‌తో విటమిన్‌ సి కలవకూడదన్న పాత భయం అక్కర్లేదు.

ఎన్నాళ్ళకు తేడా కనిపిస్తుంది?

తేమ అదే రోజు. సెరమైడ్‌తో పొడితనం, చురచుర తగ్గడానికి రెండు నుంచి నాలుగు వారాలు. నల్లమచ్చలకు 8 నుంచి 12 వారాలు, అదీ రోజూ సన్‌స్క్రీన్‌ వాడితేనే. పెప్టైడ్లకు కనీసం మూడు నెలలు ఆగకుండా తీర్పు చెప్పొద్దు. ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు తీసిన ఫొటోలు పోల్చుకోండి. అద్దాన్ని నమ్మితే మనసు చెప్పిందే కనిపిస్తుంది.

పొడి కొని ఇంట్లోనే హైలురానిక్‌ సీరమ్‌ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, శుభ్రతలో రాజీ పడకపోతే. 100 గ్రాములకు: డిస్టిల్డ్‌ వాటర్‌ 95.5, గ్లిసరిన్‌ 3, సోడియం హైలురానేట్‌ పొడి 0.5, ఫినాక్సీఇథనాల్‌-ఇథైల్‌హెక్సైల్‌గ్లిసరిన్‌ మిశ్రమం 1 గ్రాము. 0.01 గ్రాము దాకా చూపే కాటా కావాలి, చెంచాల లెక్క పనికిరాదు.

పొడిని నేరుగా నీళ్ళలో వేస్తే పైన తడిసి లోపల పొడిగా మిగిలిన చేపకళ్ళలాంటి ఉండలు కడతాయి, వాటిని ఎంత తిప్పినా విడిపోవు. అందుకే పొడిని ముందు గ్లిసరిన్‌లో కలిపి పలుచని ముద్ద చేసి, తర్వాత నీళ్ళు పోయండి. మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేస్తే తెల్లారేసరికి తేటైన జెల్‌ అవుతుంది. అప్పుడు ప్రిజర్వేటివ్‌ కలిపి, పీహెచ్‌ 5 నుంచి 5.5 మధ్య ఉందో లేదో పట్టీతో చూడండి. మిక్సీలో తిప్పితే గాలి బుడగలు నిండుతాయి, అవి దిగడానికి చాలాసేపు పడుతుంది. ప్రిజర్వేటివ్‌ మానేస్తే కంటికి కనిపించకుండానే బాక్టీరియా పెరుగుతుంది, వాసన వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ప్రొటీన్లు, గ్రోత్‌ ఫ్యాక్టర్ల పొడులతో మాత్రం ఇంట్లో ప్రయోగాలు వద్దు.

## తేడా చేస్తే

ఫెర్మెంట్‌ ఎసెన్స్‌ మొదలుపెట్టాక నుదుటి మీద చిన్న పొక్కులు వచ్చాయి. ఫంగల్‌ యాక్నేనా?

పొక్కులన్నీ ఒకే సైజులో ఉండి దురద పెడుతుంటే మలసీజియా అనే ఈస్ట్‌ వల్ల వచ్చే ఫాలిక్యులైటిస్‌ (వెంట్రుక కుదుళ్ళ వాపు) కావచ్చు. ఈ ఈస్ట్‌ తినేది కొవ్వు ఆమ్లాలను. ఫెర్మెంట్‌ ఫిల్ట్రేట్‌లో కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి తప్పు దానిదే అని తేల్చలేం, పక్కన వాడే నూనెలు, ఎస్టర్లున్న క్రీమును కూడా అనుమానించాలి. స్క్వాలేన్‌ కొవ్వు ఆమ్లం కాదు, దాన్ని కొనసాగించొచ్చు. కొత్తగా చేర్చినవన్నీ రెండు వారాలు ఆపండి. తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించండి, దీనికి యాంటీఫంగల్‌ మందులు కావాలి, మొటిమల యాంటీబయాటిక్‌ దీన్ని ఇంకా పెంచగలదు.

ప్యాచ్‌ టెస్ట్‌ ఒక్క రాత్రి చేస్తే చాలా?

చాలదు. అలర్జీ బయటపడటానికి రోజులు పట్టొచ్చు. మోచేతి మడత దగ్గర నాణెమంత మేర, రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాయండి. రాసిన వెంటనే కడగవద్దు. ఈస్ట్‌ సారాలు, మొక్కల సారాలు ఉన్నవాటికి ఈ పరీక్ష తప్పనిసరి.

గర్భంతో ఉన్నప్పుడు ఇవి వాడొచ్చా?

హైలురానిక్‌, సెరమైడ్‌, స్క్వాలేన్‌, గ్లిసరిన్‌ గురించి భయపడక్కర్లేదు. రెటినాయిడ్లు, హైడ్రోక్వినోన్‌ మానేయాలి. గ్రోత్‌ ఫ్యాక్టర్లు, ఎక్సోసోమ్‌లను ప్రసవం, పాలివ్వడం అయ్యేదాకా పక్కన పెట్టండి. మచ్చల క్రీములేవైనా మీ డాక్టరుకు చూపించాకే వాడండి.

కోజిక్‌ యాసిడ్‌ క్రీము గోధుమరంగుకు తిరిగింది. పారేయాలా?

ఆస్పర్జిల్లస్‌ ఒరైజే లాంటి బూజుతో తయారయ్యే ఈ పదార్థం వెలుతురుకు, గాలికి, ఇనుము జాడలకు రంగు మారుతుంది. లేత పసుపుదాకా ఫర్వాలేదు, ముదురు గోధుమ అయితే బలం తగ్గినట్టే, పారేయండి. యూరప్‌లో ముఖం, చేతుల ఉత్పత్తుల్లో దీని పరిమితి 1 శాతం. అంతకు మించి ఉందని గొప్పగా చెప్పుకునే క్రీముకు దూరంగా ఉండటమే మంచిది.

సెరమైడ్‌ క్రీములో ఇసుకలాంటి గింజలు తగులుతున్నాయి.

సెరమైడ్లు బాగా వేడి చేస్తేగాని కరగవు. తయారీలో పూర్తిగా కరగకపోయినా, తర్వాత క్రీము వేడెక్కి చల్లారుతూ ఉన్నా గడ్డకట్టి గింజలవుతాయి. హాని లేదు కానీ ఆ గింజలోని సెరమైడ్‌ చర్మానికి అందదు. నీరు విడిగా తేలితే మాత్రం వాడకండి.

ఫ్రిజ్‌లో పెట్టాలా? సీసా తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చు?

తెరిచిన డబ్బా గుర్తు లోపల 6 లేదా 12 అంకె, పక్కన ఎం అక్షరం ఉంటాయి, అన్ని నెలలు అని అర్థం. తెరిచిన తేదీని సీసా అడుగున మార్కర్‌తో రాసిపెట్టుకోండి. గ్రోత్‌ ఫ్యాక్టర్లున్నవాటిని తయారీదారు చెబితే 2 నుంచి 8 డిగ్రీల దగ్గర ఉంచండి, ఫ్రీజర్‌లో వద్దు. డ్రాపర్‌ కంటే గాలి చొరబడని పంపు మేలు, డ్రాపర్‌ కొన ముఖానికి తగిలితే ఆ మురికి తిరిగి సీసాలోకే వెళ్తుంది. చిక్కగా ఉండే హైలురానిక్‌ సీరమ్‌ కొన్నాళ్ళకు నీళ్ళలా పలచబడితే గొలుసులు తెగిపోయి ఉండాలి, లేదా సూక్ష్మజీవులు చేరి ఉండాలి. రెండిట్లో ఏదో ఇంట్లో తేల్చుకునే దారి లేదు కాబట్టి పారేయండి. వాసన మారినా అంతే, గడువు మిగిలి ఉన్నా సరే.